ఏబీఎస్ ఉన్నా బండి ఎందుకు జారుతుంది?

క్లుప్తంగా: బ్రేక్ గట్టిగా వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూడటమే ఏబీఎస్ (యాంటీ లాక్ బ్రేకింగ్ సిస్టమ్) పని. తడి తారు రోడ్డు మీద దానివల్ల బండి సాధారణంగా తక్కువ దూరంలోనే ఆగుతుంది. వదులు కంకర మీద, కొత్తగా కురిసిన మంచులో, గతుకుల దారిలో మాత్రం ఏబీఎస్ లేని బండి కంటే ఎక్కువ దూరం పోవచ్చు. గట్టి మంచుగడ్డ మీద ఏబీఎస్ ఉన్నా లేకున్నా బండి చాలా దూరం పోతుంది. ముందు చక్రానికే ఏబీఎస్ ఉన్న బైకుల్లో వెనక చక్రం జారే అవకాశం అలాగే ఉంటుంది.

కొత్తగా తయారయ్యే ద్విచక్ర వాహనాలన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేయాలని కేంద్ర రవాణా శాఖ 2025 జూన్‌లో ముసాయిదా విడుదల చేసింది. 2026 జనవరి 1ని గడువుగా ప్రతిపాదించింది. అంతకుముందున్న నిబంధన 125 సీసీ దాటిన బండ్లకే. అది కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి అమలైంది. ముసాయిదా వచ్చినప్పటి నుంచీ షోరూముల్లోనూ టీ కొట్ల దగ్గరా ఏబీఎస్ మాట ఎక్కువగా వినిపిస్తోంది. ‘ఏబీఎస్ ఉంటే వానలో ఎంత గట్టిగా బ్రేక్ కొట్టినా జారదు’ అని కొందరు నమ్ముతారు. ‘వానలో బ్రేక్ పట్టనే లేదు, ఏబీఎస్ పాడైనట్టుంది’ అంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు మాటలకూ మూలం ఒక్కటే. ఏబీఎస్ అంటే బండిని త్వరగా ఆపే యంత్రం అనుకోవడం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ప్రతి బండికీ ఏబీఎస్ ఉండాలన్న ఆలోచనను ఈ లెక్క చూశాక తప్పుపట్టడం కష్టం. అయితే అది ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలియకుండా నడపడం వేరే సమస్య.

చక్రం లాక్ అవడం అంటే

బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. బ్రేక్ వేయగానే చక్రం తిరిగే వేగం బండి వేగం కంటే కాస్త తగ్గుతుంది. బండి ఇంకా 60లో ఉండగా చక్రం 51 వేగానికి సరిపడా మాత్రమే తిరుగుతోందనుకుంటే, ఆ 15 శాతం తేడాను స్లిప్ అంటారు. గట్టి రోడ్డు మీద టైరుకు అత్యధిక పట్టు దొరికేది స్లిప్ సుమారు 10 నుంచి 20 శాతం మధ్య ఉన్నప్పుడు. బ్రేక్ ఇంకా గట్టిగా నొక్కితే స్లిప్ 100 శాతానికి చేరుతుంది. అంటే చక్రం పూర్తిగా ఆగిపోతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది.

అప్పుడు రెండు నష్టాలు. ఆపే పట్టు కొంత తగ్గడం మొదటిది. పక్కకు మలుపుకునే పట్టు దాదాపు మొత్తం పోవడం రెండోది, అసలు ప్రమాదం ఇదే. ముందు చక్రాలు లాక్ అయిన కారులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినా కారు తిన్నగానే పోతుంది. బైకుకు ముందు చక్రం లాక్ అయితే రెప్పపాటులో మనిషి కింద ఉంటాడు.

ఏబీఎస్ ఈ పరిస్థితి రానివ్వదు. చక్రం పక్కన పళ్ల చక్రం లాంటి రింగు, దాన్ని చదివే సెన్సర్ ఉంటాయి. చక్రం వేగం అసహజంగా పడిపోతోందని తెలియగానే కంప్యూటర్ ఆ చక్రానికి వెళ్లే బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని వాల్వుల ద్వారా తగ్గిస్తుంది. చక్రం మళ్లీ తిరగగానే ఒత్తిడి పెంచుతుంది. ఈ పట్టడం, వదలడం సెకనుకు పది పదిహేను సార్లు జరుగుతుంది. 1978లో బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లలో వచ్చింది. పదేళ్ల తర్వాత, 1988లో, బీఎండబ్ల్యూ కె100తో మోటార్ సైకిళ్లకూ చేరింది.

పట్టినంతసేపు పట్టి, లాక్ అవబోతుంటే వదలడం దాని సూత్రం. వదిలిన ప్రతిసారీ బండి కాసేపు బ్రేక్ లేకుండా ముందుకు పోతుంది. మంచి రోడ్డు మీద ఆ కాస్త నష్టాన్ని మెరుగైన పట్టు పూడ్చేస్తుంది. జారే రోడ్లన్నీ మంచి రోడ్డులా ప్రవర్తించవు.

రోడ్డు ఇవ్వని పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

బండిని ఆపేది టైరుకూ నేలకూ మధ్య ఉండే ఘర్షణ. బ్రేకులు చక్రాన్ని మాత్రమే ఆపగలవు. ఆ పట్టు ఎంతో చెప్పే అంకెను ఘర్షణ గుణకం అంటారు, పొడి తారు రోడ్డుకు అది సుమారు 0.7 నుంచి 0.9. తడిస్తే 0.5 దగ్గరికి, ఒక్కోసారి 0.4కు పడిపోతుంది. గట్టిపడిన మంచు మీద 0.2, మంచుగడ్డ మీద 0.1 లేదా అంతకన్నా తక్కువ.

ఈ అంకెలను దూరాల్లోకి మారిస్తే తేడా కళ్లకు కడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ పడిన క్షణం నుంచి లెక్కిస్తే, గుణకం 0.7 ఉన్న పొడి రోడ్డు మీద బండి ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. అంటే ఒక క్రికెట్ పిచ్ పొడవు. 0.4 ఉన్న తడి రోడ్డు మీద 35 మీటర్లు. గట్టి మంచు మీద 70 మీటర్లు. మంచుగడ్డ మీద 140 మీటర్లు, అంటే ఏడు పిచ్‌ల పొడవు. బ్రేక్ వేయాలని మెదడు గుర్తించడానికి పట్టే సెకనులో బండి మరో 17 మీటర్లు పోతుంది, అది అదనం.

ఏబీఎస్ ఎంత గొప్పగా పనిచేసినా ఈ హద్దు దాటలేదు. లాక్ అయిన చక్రం పోగొట్టే పట్టును మాత్రమే అది తిరిగి తెచ్చివ్వగలదు.

తొలకరి వానకు రోడ్డు ఎక్కువగా జారడానికి కారణం కూడా ఈ ఘర్షణే. ఎండాకాలం అంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిల్ చుక్కలు, రబ్బరు పొడి, దుమ్ము మొదటి జల్లుకు కలిసి పలుచటి జిగట పొరలా తయారవుతాయి. వాన బాగా కురిసి కడిగేదాకా ఆ పొర పోదు. సిగ్నళ్ల దగ్గర లారీలు, బస్సులు ఆగేచోట ఇది ఇంకా మందంగా ఉంటుంది. బ్రేక్ ఎక్కువగా అవసరమయ్యేది కూడా అక్కడే.

నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఇంకో రకం ఇబ్బంది ఎదురవుతుంది. వేగం పెరిగేకొద్దీ టైరు నీటిని పక్కకు నెట్టలేక దాని మీద తేలుతుంది. విమాన టైర్లపై నాసా చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రం ప్రకారం 32 పీఎస్‌ఐ గాలి ఉన్న టైరు గంటకు సుమారు 94 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. గాలి 24కు తగ్గితే ఆ హద్దు 82కు దిగుతుంది. కారు టైరు గాడులు అరిగిపోయి ఉంటే అంతకంటే ముందే తేలవచ్చు. తేలిన టైరు నేలను తాకడమే లేదు కాబట్టి ఏబీఎస్ బ్రేక్‌ను వదులుతూనే ఉంటుంది, నడిపేవాడికి పెడల్ కింద ఏమీ లేనట్టే అనిపిస్తుంది.

కంకర మీద లెక్క తిరగబడుతుంది

ఏబీఎస్ వల్ల నిజంగా నష్టం జరిగే చోటు ఇది. లాక్ అయిన చక్రం వదులు కంకరలో నాగలిలా దిగబడుతుంది. దిగబడి, తన ముందు కంకరను పోగుచేసుకుంటుంది. ఆ పోగును నెట్టుకుంటూ పోవాలి కాబట్టి బండి తొందరగా ఆగుతుంది. అంటే ఇక్కడ బండిని ఆపేది టైరు పట్టుతో పాటు నేలను తవ్వడం కూడా. కొత్తగా కురిసిన మెత్తని మంచులో, లోతైన ఇసుకలో ఇదే జరుగుతుంది.

ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు. పోగు పడేలోపే చక్రం మళ్లీ తిరిగి, ఆ కొద్దిపాటి కంకర మీదికి ఎక్కి దాటిపోతుంది. తవ్వుడు లేదు, పోగు లేదు, బండి ముందుకు పోతుంది.

ఇది ఊహ కాదు. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 1999లో ప్రచురించిన ట్రాక్ పరీక్షల్లో ఎక్కువ రకాల రోడ్ల మీద ఏబీఎస్ ఆగే దూరాన్ని తగ్గించింది. వదులు కంకర మీద మాత్రం సగటున 27.2 శాతం పెంచింది. ఏబీఎస్ లేకుండా 40 మీటర్లలో ఆగే బండికి ఈ లెక్కన దాదాపు 51 మీటర్లు కావాలి. ఆ 11 మీటర్లలో ఒక ఆర్టీసీ బస్సు పట్టేస్తుంది.

అయితే ఈ పోలికలో ఒక మెలిక ఉంది. చక్రాలు లాక్ చేసుకుని 40 మీటర్లలో ఆగిన బండికి దారి మార్చుకునే అవకాశం లేదు. 51 మీటర్లు పోయిన బండి మధ్యలో అడ్డొచ్చిన గేదెను తప్పించగలదు. ఎదురుగా గోడ ఉంటే మొదటిది నయం, పక్కన ఖాళీ ఉంటే రెండోది నయం. ఏబీఎస్ తయారీదారులు రెండోదాన్ని ఎంచుకున్నారు. ఆ ఎంపిక సబబే అయినా కొనేవాడికి ఎవరూ విడమరిచి చెప్పరు.

తెలుగు రాష్ట్రాల్లో మొరం పోసిన ఊరి దారులు, రోడ్డు వెడల్పు చేసేచోట పరిచిన కంకర, ప్యాచ్ వర్క్ అయ్యాక తారు మీద మిగిలిపోయిన చిప్స్ మామూలే. వీటిలో మొదటి రెండు లోతుగా ఉంటే పైన చెప్పిన లెక్క వర్తిస్తుంది. మూడోది వేరు. గట్టి తారు మీద పలుచగా పరుచుకున్న చిప్స్‌లో చక్రం దిగబడటానికి చోటే లేదు. లాక్ అయినా కాకున్నా అవి టైరు కింద గోలీల్లా దొర్లుతాయి.

కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు కూడా ఈ కోవలోకే వస్తాయి. సగం రోడ్డు ధాన్యం, అంచున వరుసగా పెట్టిన రాళ్లు, పైన కప్పిన టార్పాలిన్. చీకటి పడ్డాక ఎదుటి వాహనం లైటు కళ్లలో పడితే బైకు నేరుగా గింజల మీదికి పోతుంది. అక్కడ ముందు చక్రానికి ఏబీఎస్ ఉంటే బండి నిలువుగా ఉండే అవకాశం పెరుగుతుంది. అంతే తప్ప దూరం తగ్గుతుందని అనుకోవడానికి లేదు.

గతుకులు, రంబుల్ స్ట్రిప్స్, డివైడర్ పక్క ఇసుక

ఏబీఎస్‌కు కళ్లు లేవు. చక్రం వేగం ఒక్కటే దానికి తెలిసిన సమాచారం. బ్రేక్ నొక్కి ఉండగా చక్రం గతుకు మీద ఎగిరి క్షణకాలం గాల్లో ఉంటే టక్కున ఆగిపోతుంది. కంప్యూటర్ దాన్ని జారుడు అనుకుని బ్రేక్ వదిలేస్తుంది. చక్రం తిరిగి నేలను తాకేసరికి అక్కడ బ్రేక్ ఉండదు, మళ్లీ ఒత్తిడి పెరగాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పావు సెకను అంటే మూడున్నర మీటర్లు. ఊరి ముందు స్పీడ్ బ్రేకర్‌కు కాస్త దూరంలో వేసే రంబుల్ స్ట్రిప్స్ మీద బ్రేక్ కొట్టినప్పుడు లివర్ కొట్టుకోవడం, బండి ఒక్కసారి ముందుకు తోసుకుపోయినట్టు అనిపించడం దీనివల్లే. అరిగిన షాక్ అబ్జార్బర్లు ఉన్న బండిలో ఇది మరీ ఎక్కువ.

హైవేలో డివైడర్ పక్కన గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పేరుకుని ఉంటుంది. ఓవర్‌టేక్ చేసే కారు కుడి చక్రాలు ఆ ఇసుక మీద, ఎడమ చక్రాలు శుభ్రమైన తారు మీద ఉన్నప్పుడు బ్రేక్ వేస్తే ఏమవుతుంది? ఎడమవైపు గట్టిగా పట్టి, కుడివైపు జారి, కారు ఎడమకు గిర్రున తిరగబోతుంది. దీన్ని ఆపడానికి చాలా ఏబీఎస్‌లు రెండు పనులు చేస్తాయి. పట్టున్న వైపు ముందు చక్రానికి ఒత్తిడిని కావాలనే నెమ్మదిగా పెంచుతాయి. వెనక రెండు చక్రాలకూ జారే చక్రం తట్టుకోగలిగినంత బ్రేక్ మాత్రమే ఇస్తాయి. కారు తిన్నగా ఉంటుంది. కానీ తారు మీద ఉన్న చక్రాల పట్టులో కొంత వాడుకోకుండానే మిగిలిపోతుంది, ఆ మేరకు కారు ఎక్కువ దూరం పోతుంది.

ఇలాంటివి లోపాలా, తెలిసి చేసిన రాజీలా అంటే రెండోదే నిజం.

మంచుగడ్డ మీద

చదువు కోసమో ఉద్యోగం కోసమో డెట్రాయిట్, చికాగో, మినియాపొలిస్ వైపు వెళ్లిన తెలుగువాళ్లకు మొదటి చలికాలం కారు పాఠాలు మళ్లీ మొదటి నుంచి నేర్పుతుంది. రోడ్డు మీద నల్లటి తారు మామూలుగానే కనిపిస్తుంది, దాని మీద గాజు పొరలాంటి మంచుగడ్డ ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్లు కూడా పెద్ద వేగంలా అనిపించదు. పొడి రోడ్డు మీద 9 మీటర్లలో ఆగే ఆ కారు మంచుగడ్డ మీద 60 మీటర్లు దాటుతుంది. పెడల్ కింద గరగరమని శబ్దం, పాదానికి వణుకు, స్టాప్ గుర్తు పక్క నుంచే కారు మెల్లగా జారుకుంటూ కూడలి మధ్యలోకి వెళ్లిపోవడం. ఏబీఎస్ పాడైందన్న అనుమానం వచ్చేది అప్పుడే. నిజానికి అది ఎంత బాగా పనిచేయాలో అంత బాగా పనిచేస్తోంది.

అయినా మంచుగడ్డ ఏబీఎస్‌కు కష్టమైన నేలే. బ్రేక్ వదిలాక చక్రాన్ని మళ్లీ తిప్పాల్సింది రోడ్డే. పొడి రోడ్డు దాన్ని క్షణంలో తిప్పేస్తుంది. మంచుగడ్డకు ఆ బలం లేదు, చక్రం మెల్లగా పుంజుకుంటుంది, అంతసేపూ బ్రేక్ వదిలే ఉంచాలి. ఇంకో చిక్కు, బండి అసలు వేగం ఎంతో ఏబీఎస్‌కు నేరుగా తెలియదు. చక్రాల వేగాలను పోల్చి అంచనా వేసుకుంటుంది. నాలుగు చక్రాలూ ఒకేసారి నెమ్మదిస్తే బండే నెమ్మదించిందని పొరబడే ప్రమాదం ఉంది. నాలుగు చక్రాలూ ఒకదానికొకటి ముడిపడి తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాల్లో ఇది ఎక్కువ. అందుకే వాటిలో బండి నిజంగా నెమ్మదిస్తోందో లేదో కనిపెట్టే సెన్సర్ అదనంగా పెడతారు.

మరీ తక్కువ వేగంలో, సుమారు 5 నుంచి 8 కిలోమీటర్ల లోపు, ఏబీఎస్ పనిచేయదు. లేకపోతే బండి ఎప్పటికీ పూర్తిగా ఆగదు. మామూలు రోడ్డు మీద దీనితో ఇబ్బంది లేదు. మంచు పట్టిన వాలులో నడక వేగంతో దిగే కారు ఆ హద్దు కిందికి రాగానే చక్రాలు లాక్ అయి, స్లెడ్జిలా కిందికి జారిపోవచ్చు.

ఇక్కడ టైరు చేసే మేలు ఎలక్ట్రానిక్స్ చేయలేవు. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద గట్టిపడటం మొదలవుతుంది. చలికాలం టైర్ల రబ్బరు అప్పుడు కూడా మెత్తగా ఉంటుంది. కెనడాలోని క్యూబెక్‌లో 2008 నుంచి చలికాలంలో ఆ టైర్లు వాడటం తప్పనిసరి.

రెండు చక్రాల మీద

కారుకు ఏబీఎస్ అంటే నాలుగు చక్రాలకూ. బైకుకు అలా కాదు. 125 సీసీ దాటిన బండ్లలో కూడా చాలా మోడళ్లు సింగిల్ చానల్ ఏబీఎస్‌తోనే అమ్ముడవుతున్నాయి, అంటే ముందు చక్రానికి మాత్రమే. బండి స్టిక్కర్ మీద ‘ఏబీఎస్’ అనే ఉంటుంది.

ముందు చక్రాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అది లాక్ అయితే బ్యాలెన్స్ నిలుపుకోవడం దాదాపు అసాధ్యం. వెనక చక్రం లాక్ అయితే బండి తోక ఊపుతుంది, అనుభవం ఉన్నవాడు నిలదొక్కుకోవచ్చు. తడి రోడ్డు మీద ఆ నిలదొక్కుకోవడం అంత తేలిక కాదు. వెనక చక్రం పక్కకు జారుతుండగా భయపడి బ్రేక్ ఒక్కసారిగా వదిలేస్తే, టైరుకు పట్టు దొరికి బండి మనిషిని అవతలివైపు ఎగరేసి పడేస్తుంది.

మన దగ్గర దీనికి తోడు ఒక పాత అలవాటు ఉంది. ‘ముందు బ్రేక్ కొడితే బొక్కబోర్లా పడతావ్’ అని పెద్దవాళ్లు చెప్పగా విని, కాలి బ్రేక్ మీదే ఏళ్ల తరబడి నడిపినవాళ్లు ఊరూరా ఉన్నారు. అలాంటి మనిషి సింగిల్ చానల్ బండి కొని, వానలో కాలి బ్రేక్ ఒక్కటే తొక్కితే ఏబీఎస్ ఉన్న చక్రాన్ని ముట్టుకోనే లేదు. డబ్బు పెట్టి కొన్న రక్షణ ముందు చక్రం దగ్గర ఖాళీగా కూర్చుంటుంది, వెనక చక్రం జారుతుంది.

125 సీసీ, అంతకన్నా చిన్న బండ్లకు ఇంతకాలం అడిగింది సీబీఎస్. ఒక బ్రేక్ నొక్కితే రెండు చక్రాలకూ కొంత కొంత బ్రేక్ పడే ఏర్పాటు అది. పొడి రోడ్డు మీద మంచిదే. కానీ లాక్ అయిన చక్రాన్ని వదిలే తెలివి దానికి లేదు. చిత్తడి మీద స్కూటర్ ఎడమ లివర్ గట్టిగా నొక్కితే ముందు చక్రానికి కూడా బ్రేక్ పడుతుందన్న సంగతి చాలామందికి తెలియదు.

మలుపులో వంగి ఉన్న బైకుది వేరే కథ. టైరు పట్టులో పెద్ద భాగం అప్పటికే బండిని మలపడానికి ఖర్చయిపోయి ఉంటుంది. మామూలు ఏబీఎస్ బండి ఎంత వంగిందో చూడదు. అది స్పందించేలోపే టైరు పక్కకు జారిపోవచ్చు. వంపును లెక్కలోకి తీసుకునే ఏబీఎస్‌లు ఉన్నాయి కానీ అవి ఎక్కువగా ఖరీదైన బండ్లలోనే కనిపిస్తాయి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో ఆకులు రాలి తడిసిన మలుపు దగ్గర బ్రేక్ పని మలుపుకు ముందే, బండి నిలువుగా ఉన్నప్పుడే పూర్తికావాలి.

ఘాట్‌లో ఇంకో సంగతి. దిగుడులో గేరు టక్కున తగ్గించి క్లచ్ వదిలేస్తే ఇంజిన్ లాగే లాగుడుకే వెనక చక్రం జారవచ్చు. అక్కడ బ్రేక్ నొక్కనే లేదు, వదలడానికి ఏబీఎస్ చేతిలో ఏమీ లేదు. రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న డ్యూయల్ చానల్ బండిలో కూడా ఇది జరుగుతుంది.

ఇన్ని పరిమితులు ఉన్నా బైకుల విషయంలో ఏబీఎస్ లాభం కార్ల కంటే స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో బీమా సంస్థల నిధులతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అధ్యయనాలు ఒకే మోడల్ బైకుల్లో ఏబీఎస్ ఉన్నవాటినీ లేనివాటినీ పోల్చాయి. ఉన్నవాటిలో ప్రాణాంతక ప్రమాదాల రేటు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువగా తేలింది.

పెడల్ మీద పాదం

ఏబీఎస్ పనిచేయడం మొదలుపెట్టగానే పెడల్ ఎగరెగరి పాదాన్ని తంతుంది. ముందు తెలియనివాడు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తాడు. కాలు తీస్తే ఏబీఎస్ లేదు, బ్రేక్ కూడా లేదు. పాత తరం డ్రైవర్లది మరో ఇబ్బంది. జారే రోడ్డు మీద బ్రేక్‌ను కొట్టి వదిలి, కొట్టి వదిలి ఆపాలని వాళ్లు నేర్చుకున్నారు. ఏబీఎస్ ఆ పనే సెకనుకు పదిసార్లు చేస్తుంటే, కాలితో దాన్ని మళ్లీ మళ్లీ తెంచడం వల్ల దూరం పెరుగుతుంది.

ఏబీఎస్ ఉందన్న ధీమా మనిషి బండి నడిపే తీరును మార్చేస్తుందా అన్న ప్రశ్నకు 1980ల్లో జర్మనీలోని మ్యూనిక్‌లో ఒక టాక్సీ కంపెనీ బండ్లపై అధ్యయనం జరిగింది. కొన్ని టాక్సీలకు ఏబీఎస్ పెట్టారు, కొన్నింటికి లేదు. పరిశీలకులు మామూలు ప్రయాణికుల్లా ఎక్కి డ్రైవింగ్ తీరు రాసుకున్నారు. రెండు గుంపుల మధ్య ప్రమాదాల రేటులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏబీఎస్ ఉన్నవాళ్లు మలుపులు మరింత దురుసుగా తిప్పుతున్నారని మాత్రం తేలింది. ఈ ఒక్క అధ్యయనంతో అందరి స్వభావాన్నీ తేల్చేయలేం కానీ, ఆ ధీమా ఎలా ఉంటుందో క్యాబ్ ఎక్కినవాళ్లకు తెలియంది కాదు.

ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2009లో ప్రచురించిన దీర్ఘకాలిక లెక్క మరింత ఆసక్తికరంగా ఉంటుంది. కార్లలో ఏబీఎస్ వల్ల ప్రాణాంతకం కాని ప్రమాదాలు మొత్తం మీద 6 శాతం తగ్గాయి. తడి రోడ్ల మీద ఇతర వాహనాలను ఢీకొట్టే ప్రాణాంతక ప్రమాదాలు 12 శాతం, పాదచారులను ఢీకొట్టేవి 13 శాతం తగ్గాయి. కానీ రోడ్డు దిగి పక్కకు దూసుకుపోయే ప్రాణాంతక ప్రమాదాలు 9 శాతం పెరిగాయి. రెండూ కలిపి చూస్తే మరణాల మీద నికర ప్రభావం దాదాపు సున్నా. స్టీరింగ్ పనిచేస్తూ ఉండటమే ఆ 9 శాతానికి కారణమని ఒక వాదన ఉంది. చక్రాలు లాక్ అయిన కారు కంగారులో స్టీరింగ్ ఎంత తిప్పినా తిన్నగానే పోయేది. ఏబీఎస్ ఉన్న కారు చెప్పిన మాట విని రోడ్డు దిగి చెట్టును గుద్దుతుంది.

ఈ ఖాళీని పూడ్చింది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అనే ఈఎస్‌సీ. ఏబీఎస్ సెన్సర్లు, వాల్వులనే వాడుకుని, కారు తిరగాల్సిన దానికన్నా ఎక్కువో తక్కువో తిరుగుతుంటే ఏదో ఒక చక్రానికి విడిగా బ్రేక్ వేసి సరిదిద్దుతుంది. అమెరికాలో 2012 మోడల్ కార్ల నుంచి ఇది తప్పనిసరి.

ఆపేసే స్విచ్

వదులు నేల మీద ఏబీఎస్ నష్టం ఇంజినీర్లకు కొత్త సంగతి కాదు. 1980ల నాటి ఆడి క్వాట్రో డ్యాష్‌బోర్డ్ మీద ఏబీఎస్ ఆఫ్ చేసే స్విచ్ ఉండేది. ఇప్పటి ఆఫ్‌రోడ్ వాహనాల్లో స్విచ్ బదులు మోడ్‌లు వచ్చాయి. కంకర మోడ్ ఎంచుకుంటే చక్రం కాసేపు లాక్ అయి తవ్వుకునేలా ఏబీఎస్ తన పట్టు సడలిస్తుంది. 2020లో వచ్చిన బీఎస్6 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌లో వెనక చక్రం ఏబీఎస్‌ను ఆపేసే వీలు పెట్టారు. ముందు చక్రానికి మాత్రం ఆపే వీలు లేదు. ఏది పోతే మనిషి పడతాడో ఆ స్విచ్ దగ్గరే కనిపిస్తుంది.

ఆ వీలు మామూలు కమ్యూటర్ బండ్లకు అక్కర్లేదు. రోజూ తారు మీద తిరిగే బండికి ఆఫ్ స్విచ్ పెడితే దాన్ని తప్పుడు చోట నొక్కేవాళ్లే ఎక్కువ ఉంటారు. ఏబీఎస్ అన్ని బండ్లకూ వస్తే డ్రమ్ బ్రేకులతో నడుస్తున్న చిన్న బండ్లకు ముందు డిస్క్ బ్రేక్ కూడా రావాల్సి ఉంటుంది. ఇది చిన్న మార్పు కాదు. కాలి బ్రేక్‌కు అలవాటుపడినవాళ్లకు డిస్క్ పదును మొదట్లో భయపెడుతుంది. కొత్త బండి తీసుకున్న వారంలో, ఖాళీ గ్రౌండులో, పొడి నేల మీద, 30 వేగంలో ముందు లివర్ మెల్లగా నొక్కుతూ పెంచుకుంటూ పోతే అది ఎప్పుడు కొట్టుకోవడం మొదలుపెడుతుందో వేళ్లకు తెలిసిపోతుంది.

నాట్ల కాలంలో పల్లె రోడ్లకు ఇంకో చిక్కు. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్లు చక్రాలకు పట్టిన రేగడిని తారు మీద గీతలుగా రాల్చిపోతాయి. చిన్న జల్లు పడితే అది సబ్బులా మారుతుంది. అదే బురద బైకు ముందు చక్రంలోని పళ్ల రింగులో, సెన్సర్ చుట్టూ గట్టిపడితే సెన్సర్ సరిగ్గా చదవలేక మీటరులో ఏబీఎస్ దీపం వెలిగే ఉండవచ్చు. చాలా బండ్లలో తాళం తిప్పగానే ఆ దీపం వెలుగుతుంది, బండి కాస్త కదిలాక ఆరిపోతుంది. ఆరకపోతే బ్రేకులు మామూలు బ్రేకుల్లాగే పనిచేస్తాయి, లాక్ అయితే వదిలేవాళ్లు మాత్రం లేరు. నీళ్లు పోసి రింగు కడిగితే ఒక్కోసారి దీపం ఆరిపోతుంది. కడిగినా వెలుగుతూనే ఉంటే సర్వీసు సెంటర్‌కు తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఆ బండి ఏబీఎస్ లేని బండే.